వినపడని బేస్ వల్ల మనకు కలిగిన లాభాలు

ఫోను కనిపెట్టిన మహానుభావులు ఎవరో గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. మానవజాతికి వాళ్ళు చేసిన ఉపకారాల్లో మొదటిది, పాటలోంచి బేస్ గిటారుని ఊడబెరికి అవతల పారేయడం.

నమ్మరా? మీ చేతిలో ఉన్న ఆ పలకలో ఏదైనా పాట పెట్టండి. పాడే మనిషి వినపడుతుంది. పళ్ళెం మీద చెంచాతో కొట్టినట్టు డ్రమ్ములు వినపడతాయి. అడుగున నడిచే ఆ లావు తీగల మోత వినపడుతోందా? వినపడదు. అగ్గిపెట్టెలో ఏనుగు పట్టదు కదా! ఏనుగు బయటే ఉండిపోయింది. ఇల్లు శుభ్రంగా ఉంది.

ఇదివరకు జపానులో మా ఊరు హమమత్సులో ఎన్ని తిప్పలు పడ్డామో మీకు తెలియదు. ఇళ్ళ మధ్య గోడలు కాగితం మందం. పక్కింటి అబ్బాయి రికార్డు పెడితే మా అల్మరాలో గిన్నెలు ఒకదానికొకటి ముద్దులు పెట్టుకునేవి. ఇప్పుడు ఆ అబ్బాయికి యాభై దాటాయి, పాటలన్నీ ఫోనులోనే వింటాడు. నా గిన్నెలు పెళ్ళయి పదేళ్ళయిన దంపతుల్లా ఎడమొహం పెడమొహంగా, పద్ధతిగా కూర్చున్నాయి.

అసలు బేస్ అనేది ఎవరికి కావాలి? మా ఊరి హైస్కూల్లో బ్యాండు కట్టాలంటే నలుగురు పిల్లలు కూర్చుని రాయి-కాగితం-కత్తెర ఆడతారు. మొదట గెలిచినవాడు పాడతాడు. రెండోవాడికి గిటారు, మూడోవాడికి డ్రమ్ములు. అందరిచేతా ఓడినవాడి మెడలో బేస్ తగిలిస్తారు. లోకం తీర్పు ఇంత స్పష్టంగా ఉంటే ఇంక వాదన దేనికి?

పోయిన నవంబరులో మా మనవరాలి బడి పండుగలో ఒక బ్యాండు మూడు పాటలు వాయించి కిందికి దిగింది. దిగాక గానీ బేస్ అబ్బాయి స్టేజీ ఎక్కనే లేదని ఎవరూ కనిపెట్టలేదు. వాడు అవతల వేయించిన నూడుల్స్ కోసం వరసలో నిలబడ్డాడట. వాడి తల్లి ముందు వరసలో కూర్చుని మూడు పాటలూ వీడియో తీసుకుంది. ఇంటికెళ్ళి చుట్టాలందరికీ పంపిందని కూడా విన్నాను. అందరూ చాలా బాగా వాయించాడన్నారట.

ఇలాంటి వస్తువు మీద ఒక మనిషి నలభై మూడేళ్ళు ధారపోస్తే అతన్ని ఏమనాలి? నేనైతే తమ్ముడూ అనాలి. తప్పదు, ఒక తల్లి కడుపున పుట్టాం.

మా సోకిచికి ఇప్పుడు డెబ్బై మూడు. వాడి ఉద్యోగం, రికార్డు విని అందులో బేస్ ఏం వాయించిందో కాగితం మీదికి ఎక్కించడం. మావాళ్ళు దీన్ని చెవికాపీ అంటారు. నాలుగు తీగలకి నాలుగు గీతలు గీస్తాడు, ఏ తీగని ఎన్నో మెట్టు దగ్గర నొక్కాలో గీత మీద అంకె వేస్తాడు. అవి పుస్తకాలుగా అచ్చవుతాయి. దేశంలో రాయి-కాగితం-కత్తెరలో ఓడిన పిల్లలందరూ ఆ పుస్తకాలు పెట్టుకుని నేర్చుకుంటారు.

వాడు పని చేసే తీరు చూస్తే ఎవరైనా వైద్యుణ్ణి పిలుస్తారు. బేస్ మరీ కింద మోగుతుంది కదా, చెవికి పట్టు దొరకదు. అందుకని పాతకాలపు టేపు యంత్రం మీద పాటని రెండింతల వేగంతో తిప్పుతాడు. అప్పుడు పాడేవాళ్ళు గోరింకల్లా కిచకిచలాడతారు, బేస్ మాత్రం బావిలోంచి చేదేసి తోడినట్టు పైకొస్తుంది. స్వరాలు రాసుకున్నాక అదే పాటని సగం వేగంతో తిప్పుతాడు. ఇది సందుల కోసం. ఎక్కడ మీటాడన్నది కాదట, ఎక్కడ ఆగాడన్నది ముఖ్యమట. వినేవాళ్ళకి మాత్రం ఒక గోరింకా, దాని తర్వాత మత్తుమందిచ్చిన ఎద్దూ.

చెవులు మందగించాక ఇంకో విద్య పట్టాడు. మా మరదలు నోబుయె వంటకి వాడే పొడుగు చెక్కపుల్ల ఒకటి తీసుకుని, ఒక కొస స్పీకరుకి ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య కరిచిపట్టుకుంటాడు. మోత పుల్ల మీదుగా పళ్ళలోకి, పళ్ళలోంచి పుర్రెలోకి పోతుందట. నోబుయె ఏడాదికి ఆరు జతల పుల్లలు కొంటుంది. "వదినా, మా ఆయనకి నా వంట కంటే దాని పుల్లలే రుచి" అంటుంది.

ముసలితనంలో చెవులు పై స్వరాల వైపు నుంచి ఊడతాయి. మొదట కీచురాళ్ళు పోతాయి, తర్వాత టీ కెటిలు ఈల, తర్వాత పెళ్ళాం. లావు గొంతులు చివరిదాకా ఉంటాయి. ఈ ఏర్పాటు సోకిచికి పూర్వజన్మ సుకృతం అని నోబుయె, కాదు నోబుయెకే సుకృతం అని సోకిచి, పాతికేళ్ళుగా తేలని తగువు.

ఒకే స్వరం సన్న తీగని వట్టిగా మీటినా వస్తుంది, పక్కనున్న లావు తీగని అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటినా వస్తుంది. రికార్డులో వాయించినవాడు ఏ తీగ మీటాడో తేల్చడానికి వీడు మూడు రోజులు తీసుకుంటాడు. రెండూ ఒకటే కదరా అని ఒకసారి నోరుజారాను.

"అక్కా, నువ్వు పెట్టే సూపూ నోబుయె పెట్టే సూపూ ఒకటేనా?" అన్నాడు.

నోబుయె అక్కడే ఉల్లికాడలు తరుగుతోంది. నేను వాతావరణం గురించి మాట్లాడాను.

ఇలాంటి మనిషి నుంచి లోకాన్ని కాపాడడానికే దేవుడు నగుమో గారిని పంపాడు. సోకిచి రాసే పుస్తకాలు అచ్చువేసే చిన్న కంపెనీకి ఆయన కొత్త అధికారి. ముప్పై నాలుగేళ్ళవాడు, చొక్కాకి ఇస్త్రీ, మాటకీ ఇస్త్రీ. ఆయన ఒక యంత్రం తెచ్చాడు. పాట ఇటు పెడితే బేస్ అటు రాసి ఇస్తుంది, రెండు నిమిషాల్లో. మూడు రోజులు ఎక్కడ, రెండు నిమిషాలు ఎక్కడ? మనిషికి ఆరు వేళ్ళుంటే తప్ప కుదరని చోట్ల అంకెలు వేస్తుందనుకోండి. పిల్లలు ఎలాగూ ఓడినవాళ్ళే, ఇంకో వేలు మొలిపించుకోలేరా?

ఆ కంపెనీ మా ఊరి పాత బ్యాండ్ల మీద ఒక పుస్తకం వేస్తానంది. అందులో 'ఎండుగాలి' బ్యాండుది ఒక పాట, 'చెరువు గట్టున సైకిలు' అని. యాభై నాలుగేళ్ళ కిందటిది. చలికాలం మా ఊళ్ళో వీచే గాలి పేరే ఆ బ్యాండుకి పెట్టుకున్నారు. అందులో పాడింది నేనే. చెప్పుకోదగ్గ సంగతేం కాదు, దాటి వెళ్దాం.

ఈసారి బేస్ రాసింది యంత్రం. సోకిచి చేయాల్సిందల్లా ఒకసారి చూసి, ప్రూఫు మీద సంతకానికి బదులు తన పేరు ముద్ర వేయడం. నగుమో గారు ప్రూఫు పట్టుకుని వచ్చేసరికి మావాడు స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని పుల్ల కరిచిపట్టుకుని ఉన్నాడు, కళ్ళు మూసుకుని.

"మాస్టారూ, ఏం తింటున్నారు?" అన్నాడు నగుమో గారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత నిజంగా జరగ్గా చూసిన అదృష్టవంతులు ఎంతమంది ఉంటారు? నేను చూశాను. టీ ఒలకపోసుకోకుండా చూశాను.

సోకిచి పుల్ల తీసి ప్రూఫు అందుకున్నాడు. రెండో చరణం మొదట్లో వేలు ఆగిపోయింది. అక్కడ ఒక చుక్క గుర్తు, పేజీ అడుగున చిన్న అక్షరాలు: బేస్ వాద్యకారుని పొరపాటు సవరించడమైనది.

"ఇక్కడ తాళానికి అయిదు దెబ్బలుండాలి, నాలుగే ఉన్నాయి" అన్నాడు సోకిచి.

"పాటంతా నాలుగే కదా మాస్టారూ. అక్కడొక్కచోట బేస్ ఆయన తడబడి ఒక దెబ్బ ఎక్కువేశాడు. యంత్రం కోసేసింది."

"నలభై ఏళ్ళ కిందట నేను రాసినప్పుడు అయిదు రాశాను."

"అప్పుడు మనకి యంత్రం లేదు కదండీ."

సోకిచి ముద్రని డబ్బాలోంచి తీశాడు. ఎర్ర సిరా మీద అద్దాడు. కాగితం దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తుడిచి డబ్బాలో పెట్టేశాడు. "ఒక వారం ఆగండి" అన్నాడు.

ముద్ర పడకపోతే సోకిచి పేరు లేకుండానే పుస్తకం వస్తుంది. పోనీ, వాడి పేరుదేముంది. ఆ చిన్న అక్షరాల్లో పోయేది వేరేవాడి పేరు. ఆ వాద్యకారుడు చచ్చిపోయి ఉంటే బాగుండేది, కానీ బతికే ఉన్నాడు. రైలు కట్టకి అవతల గ్యోజా కొట్టు నడుపుతున్నాడు.

ఒరితో అని. మాంసం కూరి కజ్జికాయల్లా మడిచిన గ్యోజాలు పెనం మీద గుండ్రంగా పేర్చి, నడిమధ్య ఉడికించిన మొలకలు కుప్పపోసి ఇస్తాడు. కొట్టుకి రోజూ వచ్చే ముసలాళ్ళు నలుగురు, మా కాలపువాళ్ళే. పళ్ళెం కాస్త ఆలస్యమైతే చాలు, "ఒరితో, ఇక్కడ కూడా ఒక దెబ్బ లేటేనా?" అంటారు. యాభై నాలుగేళ్ళుగా అదే పరిహాసం. అరిగిపోయిన పెనం మారుస్తారు గానీ పరిహాసం మార్చరు. ఆ పాట తర్వాత రికార్డు కంపెనీవాళ్ళు రెండో రికార్డుకి టోక్యో నుంచి వేరే బేస్ మనిషిని తెప్పించారు. ఒరితో వాళ్ళ నాన్న పెనం దగ్గరికి వెళ్ళిపోయాడు. ముసలాళ్ళు ఏమన్నా నవ్వి ఊరుకుంటాడు. చూశారా, పొరపాటు చేసినవాణ్ణి లోకం ఎంత ఆదరంగా గుర్తుపెట్టుకుంటుందో!

సోకిచి ఆ వారమంతా ఆ ఒక్క దెబ్బనే విన్నాడు. గోరింక వేగంతో విన్నాడు, ఎద్దు వేగంతో విన్నాడు. పుల్లలు రెండు విరిచాడు. నోబుయె పడుకోవడానికి మా ఇంటికి వచ్చేసింది. యంత్రం రెండు నిమిషాల్లో చేసిన పనికి ఈ మనిషికి వారం పట్టిందని నేను అందరికీ చెప్పి నవ్వాను. కొంచెం ఎక్కువే నవ్వానేమో.

ఆదివారం పొద్దున నేను చేపలు కాలుస్తుంటే వచ్చాడు. చెప్పులు విప్పలేదు. వాకిట్లో మెట్టు మీదే కూర్చున్నాడు.

"అక్కా, తడబడినవాడి వేలు తీగ మీద పడి మోత చస్తుంది. టప్పుమంటుంది. ఒరితో తీగ చావలేదు. ముందు స్వరం ఇంకా నిండుగా మోగుతూనే ఉంది. దాని మీదే మళ్ళీ అదే స్వరం మీటాడు, మెల్లగా. ముందుకెళ్ళాల్సినవాడు ఉన్నచోటే ఇంకో అడుగు వేశాడు. డ్రమ్ములు అతన్ని చూసి ఆగాయి."

"అయితే?"

"తడబడలేదు. ఎవరికోసమో ఆగాడు."

"చేపలు మాడుతున్నాయిరా."

"సగం వేగంలో ఇంకొకటి వినపడింది. పాడే మనిషి ఊపిరి తీసింది. పాడలేదు. మళ్ళీ ఇంకోసారి తీసింది."

నేను చేపలు తిప్పాను. మాడలేదు. బాగానే ఉన్నాయి.

"యంత్రానికి అది వినపడలేదా?" అన్నాను.

"ఊపిరి వినపడితే చెత్త అనుకుని తుడిచేస్తుందట. నగుమో గారే చెప్పారు."

చూశారా ఎంత మర్యాదస్తురాలో ఆ యంత్రం! ఎవరింట్లో ఏం చూసినా బయట చెప్పని పనిమనిషి దొరికితే ఊరంతా ఎగరేసుకుపోతారు. మా తమ్ముడికి ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. అక్కడే కూర్చున్నాడు, నన్ను చూడకుండా చెప్పుల కేసి చూస్తూ. చెప్పుల కేసి చూడడం మా వంశంలోనే ఉంది.

ఆ రోజు స్టూడియోలో మాకు ఇచ్చింది రెండు గంటలు. పాట అప్పటికి పదకొండుసార్లు చెడింది. పన్నెండోసారి రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి మొదటి మాట నా నోట్లో లేదు. ఊపిరి తీశాను, లేదు. మళ్ళీ తీశాను, దొరికింది. ఈలోపు కాళ్ళ కింద నేల ఒక అడుగు పొడుగైంది. అడుగేశాను, పడలేదు. ఎందుకు పడలేదో అప్పుడు ఆలోచించే తీరిక నాకు లేదు.

టేపు ఆగాక గాజు అవతల నుంచి రికార్డు కంపెనీ పెద్దమనిషి, "రెండో చరణంలో ఎవరది?" అన్నాడు.

ఒరితో చెయ్యెత్తి, "నేనే" అన్నాడు.

నా కొత్త బూట్లు తెల్లవి, ముందువైపు బొత్తం ఉండేది. వాటిని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు.

"ముద్ర వేయమంటావా, మాననా?" అన్నాడు సోకిచి మెట్టు మీద నుంచి. "నలభై ఏళ్ళ కిందట రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అప్పుడు అడగలేదు. అక్కవి కదా."

"ఇప్పుడు కాదా?"

"ఇప్పుడు తప్పు ఒరితోదని అచ్చులో పడుతోంది" అన్నాడు.

నాకు రెండు దార్లున్నాయి. ఒకటి, ఊరుకోవడం. ఊరుకోవడంలో నాకు యాభై నాలుగేళ్ళ అనుభవం ఉంది. ఫోనులో బేస్ వినపడదు, యంత్రం దెబ్బ కోసేసింది, పిల్లలు నాలుగు దెబ్బలే నేర్చుకుంటారు. నా తప్పుకి ఇంత పటిష్ఠమైన పరదా ఏ మహారాణికీ దొరకలేదు. పాటలో బేస్ వద్దని ఇందాకటి నుంచీ గొంతు చించుకుంటున్నానంటే ఊరికేనా? నాకంటే దాని లాభాలు తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఇంకెవరున్నారు?

రెండోది, సొరుగులోంచి నా ముద్ర తీయడం.

నోబుయె చేత కాగితం తెప్పించాను. నా దస్తూరీ వంకర, అందుకని మూడే వాక్యాలు రాశాను. రెండో చరణంలో మాట మరిచిపోయింది పాడిన మనిషి. బేస్ ఆమె కోసం ఆగింది. ఇది నేను ఎరుగుదును, ఆ మనిషిని నేనే. కింద ముద్ర గట్టిగా నొక్కాను, సిరా వెనక పేజీకి దిగింది.

నగుమో గారు ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కగారూ, మీరు బాగా ఆలోచించుకున్నారా? యంత్రం తప్పు చేసిందని అనుకోరు, మీరు చేశారనుకుంటారు."

"నేను చేశానని అనుకోవడానికే రాశాను నాయనా."

"పాట వినేవాళ్ళకి ఇది తెలియను కూడా తెలియదండీ."

"అందుకే పుస్తకంలో వెయ్యమంటున్నాను."

సోకిచి పక్కన కూర్చుని తన ముద్రకి సిరా అద్దుకుంటున్నాడు, పిలవని పెళ్ళికి ముందే చేతులు కడుక్కున్నవాడిలా.

పుస్తకం ఫిబ్రవరిలో వచ్చింది. రెండో చరణం మొదట్లో అయిదు దెబ్బలున్నాయి. అడుగున చిన్న అక్షరాలు: గాయని ఆలస్యమైనందున బేస్ ఆమె కోసం ఒక దెబ్బ ఆగినది. సోకిచి, నేనూ ఆ పుస్తకం పట్టుకుని గాలికి ఎదురు నడిచి రైలు కట్ట దాటాం.

కొట్లో నలుగురు ముసలాళ్ళూ ఉన్నారు. ఒరితో చేతుల జిడ్డు తుడుచుకుని, కళ్ళజోడు నుదుటి మీంచి దించి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఏం పని చేశావు సెత్సూ" అన్నాడు. "ఇంక వీళ్ళు నన్ను ఏమని ఏడిపిస్తారు?"

"నీకు గుర్తుందా?"

"మాట మరిచిపోయావు. అది 'గంట' అన్న మాట. నేను పెదవులతో అందించాను, నువ్వు నా కేసి చూడలేదు." అని పెనం మీద మూత పెట్టాడు.

ముసలాళ్ళు పుస్తకం చేతులు మార్చుకున్నారు. అందులో పెద్దాయన నమ్మలేదు. "అక్షరాలదేముంది, విని చూద్దాం" అని ఫోను తీశాడు. నలుగురూ తలలు దగ్గర పెట్టారు. నా ఇరవై రెండేళ్ళ గొంతు దోమలా పాడింది. మొదటి చరణం అయింది. రెండోది వచ్చింది, పోయింది.

"ఏదీ?" అన్నాడొకాయన.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టారు. ఫోను చెవికి నొక్కుకున్నారు. చెయ్యి గిన్నెలా పట్టి చూశారు. సోకిచి చేతికి అలవాటుగా కౌంటరు మీద పుల్ల దొరికింది, దాన్ని ఫోనుకి ఆనించి పళ్ళతో కరిచాడు. కాసేపుండి తల అడ్డంగా ఊపి పుల్ల కింద పెట్టేశాడు. వాడికే వినపడకపోతే ఇంక ఎవరికి వినపడుతుంది?

"ఏమీ లేదయ్యా ఇందులో" అని తేల్చాడు పెద్దాయన. "సెత్సుయో గారు మంచావిడ కాబట్టి నీ తప్పు తన నెత్తిన వేసుకుంది."

చూశారా, నేను చెప్పానా? ముద్ర కొట్టి, అచ్చు వేయించి, ఎదురుగాలిలో నడిచొచ్చి మరీ నేరం ఒప్పుకున్నాను. ఒక్కరికీ వినపడలేదు. పైగా మంచావిణ్ణి కూడా అయ్యాను. ఈ ఫోను ఉండగా నన్ను చెడ్డదాన్ని చేయడం ఎవరితరమూ కాదు.

ఫోను మూడోసారి పాడుతోంది. ఒరితో నా పళ్ళెం పట్టుకుని వస్తున్నాడు. రెండో చరణం దగ్గర అతని చెయ్యి గాల్లో ఆగింది, ఒక్క దెబ్బ. నేను ఊపిరి తీసుకున్నాను. అప్పుడు పళ్ళెం నా ముందు పెట్టాడు.

"చూడండి చూడండి" అన్నారు ముసలాళ్ళు. "ఈ మనిషి ఎప్పుడూ ఒక దెబ్బ లేటే."